ఇతర అంశాల వేళ

వెన్న పల్చగా రాయమని అత్తగారు నోరీన్ ఎప్పుడూ చెబుతుంది. ఊరి హాలు కమిటీ మీటింగు ఉన్న ప్రతి నెలా కెర్రిన్ బ్రెడ్డు మీద అలాగే రాస్తుంది. ఎజెండాలో చివరిదైన 'ఇతర అంశాలు' దగ్గరికి రాగానే ఆడవాళ్లంతా ఎవరూ చెప్పకుండానే లేచి వంటగదిలోకి వెళ్తారు. సభ ముగిసేసరికి టీ, శాండ్‌విచ్‌లు సిద్ధంగా ఉండాలి. ఆ ఊళ్లో హాలు కట్టినప్పటి నుంచీ అంతే.

కెర్రిన్ కోరింది చిన్నదే. హాలు పక్కన హీటరున్న గదిని బుధవారం పొద్దుటి పూట పసిపిల్లల తల్లులకు ఇవ్వమని. గోధుమ పొలాల మధ్య ఇంట్లో, పాపతో ఒంటరిగా, రోజంతా ఇంకో మనిషి గొంతు వినపడకుండా గడిచిపోయేది. పాప గట్టిగా ఊపిరి తీస్తే భయం, అలికిడి లేకపోతే మరీ భయం. 'మీ పిల్లా ఇంతేనా' అని అడగడానికి పక్కన ఇంకో తల్లి ఉంటే చాలనిపించేది. "ఇంట్లోనేగా ఉంటావు, దేనికి భయం?" అనేవాడు భర్త లైల్, ప్రేమగానే. చదువు మధ్యలో మానేసిన తనకే ఏమీ తెలియదేమో అనుకుని ఊరుకునేది.

ఆమె కోరిక ఇదివరకూ ఇతర అంశాల్లోకి వచ్చింది. అప్పుడు ఆమె వంటగదిలో ఉంది. "అడిగినవాళ్లు సభలో లేరు, తరవాత చూద్దాం" అని అధ్యక్షుడు క్లెమ్ పక్కన పెట్టాడు. ఇప్పుడు క్రికెట్ క్లబ్బువాళ్లు తమ సామానుకి ఆ గదే అడుగుతున్నారు. ఈ సభలో తేలకపోతే గది పోయినట్టే.

"ఇక ఇతర అంశాలు," అన్నాడు క్లెమ్.

కుర్చీలు జరిగాయి. అలవాటుగా లేవబోయిన కెర్రిన్ పాపను ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుండిపోయింది.

"రా అమ్మాయ్, దోసకాయలు తరగాలి," అంది నోరీన్ గుమ్మంలోంచి.

"మీరు పదండి. నా అంశం ఉంది."

గది తల్లులకివ్వాలని తీర్మానం ప్రతిపాదించింది. "బలపరిచేవాళ్లు?" అన్నాడు క్లెమ్. బలపరిచే మనిషి లేకపోతే తీర్మానం అక్కడే పడిపోతుంది, చర్చ కూడా ఉండదు. ఎవరూ పలకలేదు. క్రికెట్ జట్టు కెప్టెన్ లైల్ తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

"అధ్యక్షా, బలపరిచేవాళ్లు వంటగదిలో ఉన్నారు. వాళ్లూ సభ్యులే. వాళ్లని రానివ్వండి," అంది కెర్రిన్.

"మరి టీ ఎవరు పెడతారమ్మా?" అన్నాడు క్లెమ్, నిజంగానే తెలియక.

చేతిలో కత్తితోనే నోరీన్ బయటికొచ్చింది.

"నేను బలపరుస్తున్నా. మా లైల్ పుట్టిన ఏడాది నేనూ ఇదే అడుగుదామనుకున్నా క్లెమ్. అప్పుడూ లోపల దోసకాయలే తరుగుతూ ఉండిపోయా."

ఆమె వెనకే మిగతా ఆడవాళ్లూ వచ్చి కూర్చున్నారు. ఓటింగు పెట్టాక లైల్ వంగి, కెర్రిన్ ఒళ్లోంచి పాపను తీసుకున్నాడు. "చెయ్యెత్తు," అన్నాడు మెల్లగా. తనూ ఒక చేత్తో పాపను హత్తుకుని రెండో చెయ్యి ఎత్తాడు.

తీర్మానం నెగ్గింది. క్లెమ్ అలవాటుగా వంటగది వైపు చూశాడు. ఆడవాళ్లెవరూ లేవలేదు. నోరీన్ కత్తి పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలింది.

"ఇంకేమన్నా అంశాలున్నాయా, అధ్యక్షా? మాకు తొందరేం లేదు."