బొమ్మలారీకి గట్టి స్ప్రింగులు

పొద్దున ఏడింటికల్లా డాక్టరమ్మ బల్ల ముందు కూర్చునేది. డాక్టరమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. ఆవిడ వైద్యమంతా రిమోటుతో నడిచే బొమ్మ లారీలకే. పందేలకు నడిపేవాళ్లు, ఇంకాస్త బరువు మోయించాలని తెచ్చి ఇచ్చేవాళ్లు. ఆవిడ పాత స్ప్రింగులు ఊడదీసి, కొంచెం లావు తీగను ఉక్కు కడ్డీ చుట్టూ బిగించి చుట్టి, ఒకటి రెండు చుట్లు తగ్గించి, చక్రాల పైన అమర్చి వేలితో నొక్కి చూసేది.

ఆవిడ చెయ్యి పడిన లారీ మనుషుల బరువూ మోసేది. సరుకు వేసే వెనక తొట్టి మీద చెయ్యేసి మనసులోది చెబితే చాలు, ఆ బరువు అందులోకి దిగేది. ఎదురింటి టైలరు కొలత తప్పి చెడగొట్టిన కోటు గురించి చెప్పుకుంటే పావుకిలో కూడా తూగలేదు. "ఇంత దానికా నాలుగు రోజులు తిండి మానేశాను!" అని తనను తానే తిట్టుకుంటూ వెళ్లాడు.

ఆవిడ అన్నయ్య మాత్రం ఆ లారీల జోలికి వచ్చేవాడు కాదు. ముప్పై ఏళ్లు అసలు లారీ నడిపిన మనిషి. మూడేళ్ల కిందట ఘాట్ రోడ్డులో లారీ లోయలోకి జారి, ఆయనతో కలిసి తిరిగిన రెండో డ్రైవరు పోయాడు. ఈయన బతికాడు. అప్పటినుంచీ కిటికీ పక్క కుర్చీ వదల్లేదు.

ఒకరోజు చెల్లెలు పసుపుపచ్చ లారీ ఒకటి తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"స్ప్రింగు సరిపోయిందో లేదో కాస్త చూడన్నయ్యా. నాకేదో అనుమానంగా ఉంది."

ఆయన ఊరికే చెయ్యేశాడు. "వాడు ఉంటే చూసేవాడు" అన్నాడు. అంతే, లారీ పొట్ట బల్లకు ఆనింది.

ఆవిడ దాన్ని తీసుకెళ్లి ఇంకా లావు తీగతో చుట్టింది. మర్నాడు ఇంకో రెండు మాటలు పడ్డాయి, మళ్లీ కుంగింది. మూడోసారి తన దగ్గరున్న అన్నిటికన్నా మొండి తీగ తీసి, వేళ్లు ఎర్రబడేదాకా చుట్టింది. ఈసారి లారీ నిటారుగా నిలబడింది. పెరట్లో కంకర మీద నడిపితే మాత్రం కప్పలా ఎగిరి బోర్లా పడింది.

"స్ప్రింగు ఎక్కువైంది" అన్నాడు అన్నయ్య, కుర్చీలోంచి లేచొచ్చి.

"స్ప్రింగు కొలత ప్రకారమే చుట్టాను. సరుకే తక్కువైంది."

ఆయన బోర్లాపడ్డ లారీని తిప్పి నిలబెట్టాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ తొట్టిలో పెట్టాడు.

"ఆ రోజు ఘాట్ రోడ్డులో నడపాల్సిన వంతు నాది చెల్లీ. భోంచేశాక కళ్లు మూతలు పడుతున్నాయని స్టీరింగు వాడికిచ్చాను. వాడూ ముందురోజంతా నిద్ర లేనివాడే. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను."

లారీ మెల్లగా కిందికి దిగి, ఎంత దిగాలో అంతే దిగి ఆగింది. రిమోటు నొక్కితే కంకర మీద నీళ్లలా సాగింది.

"ఇది దింపాల్సింది ఇక్కడ కాదు" అంది చెల్లెలు, రిమోటు ఆయన చేతిలో పెట్టి.

ఆ రిమోటు ఇరవై అడుగులు దాటితే పనిచేయదు. అందుకని ఆయన లారీ వెనకే నడవాల్సొచ్చింది. మూడేళ్ల తర్వాత గేటు దాటాడు. టైలరు చూసి, దారిలో అడ్డంగా ఉన్న తన సైకిలు పక్కకు లాగాడు.

రెండు వీధుల అవతల రెండో డ్రైవరు భార్య వాకిట్లో, భర్త వదిలిపోయిన చిన్న వ్యానును గుడ్డతో తుడుస్తోంది. లారీ ఆమె కాళ్ల దగ్గర ఆగింది. ఆమె గుడ్డ పక్కన పెట్టి తొట్టి మీద చెయ్యి వేసింది. ఆయన అందులో దించిన మాటంతా ఆమె చేతికి అందింది.

"ఈ మాట అప్పుడే వచ్చి చెప్పాల్సింది అన్నయ్యగారూ."

"అవునమ్మా."

"మీ మీద నాకు కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు."

ఆమె కళ్లు తుడుచుకుని, లారీని రెండు చేతులా ఎత్తి అరుగు మీద పెట్టింది. లోపలికి వెళ్లి వ్యాను తాళాలు తెచ్చింది.

"రోజూ తుడవడమే కానీ నడపడం రాదు. నేర్పుతారా?"

మర్నాటినుంచీ ఆయన ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. "క్లచ్చి మెల్లగా వదలమ్మా, మెల్లగా" అంటూ, తన వైపు బ్రేకు లేదని తెలిసినా, మలుపు మలుపుకీ కుడికాలితో నేలను గట్టిగా తొక్కుతూనే ఉన్నాడు.