తెల్లబడ్డ ఇత్తడి నట్టు

నిన్న సాయంత్రం తోమా తన చేత్తో బిగించిన ఇత్తడి నట్టు, పొద్దున డ్యూటీకి వచ్చేసరికి వెండిలా తెల్లగా మెరుస్తోంది.

వేలిగోటితో గీకితే పూత మెత్తగా లేచింది. ఆ నట్టును కాగితం మీద రుద్ది చూశాడు. పెన్సిలు గీతలా నల్లని చార పడింది. సీసం.

ఆ నట్టు బిగించింది మేనేజరు గ్రెగరీ సార్ ఇంట్లో బీరు కాచుకునే స్టీలు బానకి. అడుగున పంపు, పంపుకి లోపలివైపు వంచిన గొట్టం. కడగడానికి ఆ గొట్టం ఊడి రావాలి. లేకపోతే లోపల మడ్డి చేరి కాచిందంతా కంపు కొడుతుంది. వెల్డింగ్ చేస్తే ఊడదు. మర చుట్లు పెడితే మరల్లోనే మడ్డి నిలుస్తుంది. తోమా రెండు రోజులు స్టోరు అరలన్నీ తిరగేసి చివరికి ఒక బిగింపు ఏరాడు: గొట్టం మీద ఉంగరం, ఉంగరాన్ని అదిమే నట్టు. చేత్తో తిప్పితే వదులవుతుంది. స్టీలుదైతే ఇంగ్లండు నుంచి రావాలి, ఇత్తడిదే చాలని సారే అన్నాడు.

ఇప్పుడా నట్టు మీద ఉన్నది సీసమని తోమా చెప్పగానే సార్ మొహం బిగుసుకుంది.

"రేపు ఇందులో కాచింది మా ఇంట్లో ఆరుగురు తాగుతారు. ఎవరు చేశారో మధ్యాహ్నంలోగా చెప్పు. లేకపోతే చేసింది నువ్వే అనుకుంటాను. నీ కాంట్రాక్టు కాగితం ఇంకా నా బల్ల మీదే ఉంది."

దుబాయిలో పదకొండేళ్ల ఉద్యోగం. ఆ కాగితం మీద సంతకం పడకపోతే నెలాఖరుకి ఇంటికి విమానం ఎక్కాల్సిందే.

తోమా కళ్లు తిన్నగా బుల్లిరాజు మీదికి పోయాయి. వెల్డరు. తోమా పోతే ఆ సీటు తనదేనని క్యాంపులో నలుగురి ముందూ నవ్వినవాడు.

"నిన్న నా తరవాత షెడ్డులో ఉన్నదెవడ్రా?" అంటూ కాలరు పట్టుకున్నాడు.

"వదులెహె. ఉన్నది నేనే, ఓవర్‌టైం చేశాను. అయితే ఏంటంట?"

"నట్టుకి సీసం ఎందుకు పూశావు?"

బుల్లిరాజు నట్టు అందుకుని వెలుగులో తిప్పి చూశాడు. "తోమన్నా, నీకు కళ్లున్నాయా? నేనేస్తే గడ్డలు కట్టి చావదా? ఇదెవడో దూది పెట్టి తుడిచాడు. పెళ్లికూతురికి పసుపు రాసినట్టు రాశాడు. నా మీద పెడతావా ఈ పనితనం?"

తోమా చెయ్యి వదులైంది. నిజమే. మరల సందుల్లో కూడా పూత ఒకే మందాన ఉంది. ఎక్కడా చుక్క జారలేదు.

షెడ్డంతా వెతికాడు. టంకం బల్ల కింద సగం కాలిన దూది ఉండ దొరికింది. దానికి తెల్లటి పొడి అంటుకుని ఉంది. వాసన చూస్తే ముక్కు మండింది. నవసాగరం, ఇత్తడికి పూత పట్టాలని చల్లే ఉప్పు. ఈ వర్క్‌షాపులో ఏ పనికీ వాడని సరుకు అది. ఎవరో ఇంటినుంచి తెచ్చుకున్నారు.

షెడ్డు ఊడ్చే ముత్తన్న చీపురుతో అటే వస్తున్నాడు. కరీంనగర్ వైపు మనిషి, ఎవరి జోలికీ పోడు. దూది ఉండ చూడగానే చీపురు ఆగింది. తోమా అతని చేతివైపు చూశాడు. బొటనవేలికీ చూపుడువేలికీ కొసల్లో కొత్త బొబ్బలు.

"ముత్తన్నా, ఆ చెయ్యి ఇలా చూపించు."

ముత్తన్న చెయ్యి దాచుకోలేదు. చీపురు గోడకి ఆనించాడు.

"రాత్రి బుల్లిరాజు వోయినంక నేనే పూసిన తోమా. దుబాయికి రాకముందు మాది కలాయి పని, ఇత్తడి గిన్నెలకు తగరం పూసుడు, మూడు తరాల సంది. ఇత్తడిల పులుపు వోస్తె చిలుము లేస్తది, తిన్నోడు కక్కుకుంటడు. ఆ దొర కాసేది పులుస్తదని మీరే అనుకోంగ విన్న. రేపు వాళ్లకు ఏమన్నయితె నిన్నే పట్టుకుంటరని పూసిన. టంకం బల్ల మీద మెరిసే తీగ ఉంటె తగరమే అనుకున్న. అండ్ల సీసం కలుస్తదని నాకెర్కలేదు. నువ్వు బుల్లిరాజు కాలరు వట్టినప్పుడే చెప్పాలె, నోరు రాలె. ఊళ్లె స్టీలు గిన్నెలొచ్చినంక పదేండ్లయె, ఒక్కలు గూడ కలాయికి పిలువలే. ఆ ఇత్తడి ముక్క కనవడంగనే చేతులు ఆగలె. పా, దొరకు గూడ నేనే చెప్త."