మూడో ఆదివారం ప్రకటన

కృపాకర్ పంతులును ప్రేమించడమంత తలనొప్పి పని లోకంలో ఇంకోటి లేదని భాగ్యమ్మ ఎప్పుడో తేల్చుకుంది. తేల్చుకుని ఏం లాభం? మనిషి కనబడితే చాలు, తేల్చుకున్నదంతా మరిచిపోతుంది. తెల్లటి చొక్కా, నున్నగా దువ్విన క్రాపు, సుద్ద అంటిన వేళ్లు. గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఆ వేళ్లతోనే ఆమె అరచేయి పట్టుకుని, పలకరాయి కోసిన గాట్లను ఒక్కొక్కటే తడిమేవాడు. ఇసుక మీద పొద్దుగుంకే ఎరుపు, జడలో కనకాంబరాలు, మెడ మీద అతని ఊపిరి. అంతా బాగానే ఉండేది, అతను నోరు తెరవనంతసేపు.

"ఈ పొద్దు నాయనతో చెప్తా భాగ్యం," అనేవాడు గొంతు తగ్గించి, చుట్టూ చూసి. ఎవరు వింటారని? అవతలి ఒడ్డున నాలుగు గొర్రెలు తప్ప పురుగు లేదు.

అట్లా రెండేళ్లు అంటూనే ఉన్నాడు. ఈలోగా అతని తండ్రి, పాలెం ఏసు గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి సుందరరాజు, గిద్దలూరు కాంపౌండరు కూతురు సుశీలమ్మను కోడలిగా ఖాయం చేసేశాడు. మిషను బడి పంతులుకు తగిన సంబంధం. భాగ్యమ్మేమో మార్కాపురం గనిలో పలకలు చీల్చే మనిషి, తండ్రి ఏబేలు అదే గనిలో రాళ్లు మోసే కూలీ. గుడిలో అందరిదీ ఒకటే రొట్టె. కాని ఉపదేశి ఇంటివాళ్లు ముందు బల్ల మీద కూర్చుంటారు, గనివాళ్లు వెనక చాప మీద.

పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు అప్పుడే చెప్పాలి. మూడోసారి కూడా ఎవరూ నోరెత్తకపోతే ఇక పెళ్లే. ఆ పాలెంలో ప్రకటనలు చదివే పని పంతులుది. అంటే తన పెళ్లి ప్రకటన తానే చదువుకున్నాడు, మహానుభావుడు! రెండు ఆదివారాలు చదివాడు, గుడి బయట కట్టేసిన ఎద్దులు తలెత్తి చూసేంత గొంతుతో. భాగ్యమ్మ పేరుకు మాత్రం ఆ గొంతు ఏనాడూ పెగలలేదు.

శనివారం ఏటి ఒడ్డున ఆమె కడిగేసింది. "ఏంది పంతులూ, సిగ్గుండాల్నా వద్దా? రేపటితో అయిపోతది గదా!"

"నాయన ముందర మాట రాదు భాగ్యం. నువ్వే లేచి అభ్యంతరం చెప్పు. నేను కాదనను."

"ఓరి దేవుడో! కాదనవా? ఎంత దయ నీది!" భాగ్యమ్మకు ఒళ్లు మండిపోయింది. "నేను లేస్తే గనిపిల్ల పంతులికి వల వేసిందంటారు. నువ్వేమో నోట్లో వేలు పెడితే కొరకనోడివి అయిపోతావు. ఉలి మీద ఒక్క దెబ్బకు రాయి విడాల. బెదురుకుంటా కొడితే ముక్కలే. నేను లేవను పో. పెండ్లి నీది, నోరు నీది."

అనడానికి అనేసింది గాని, ఆ రాత్రి తన సంకటి ముద్ద తీసి తండ్రి పళ్లెంలో వేసేసింది. ఇట్లాంటివాణ్ణి కట్టుకుని ఆ సుశీలమ్మ మాత్రం ఏం సుఖపడుతుందని ఆమె మీద కూడా జాలిపడింది.

మూడో ఆదివారం కృపాకర్ కాగితం తీశాడు. పేర్లు చదివాడు. "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను," అన్నాడు. అని ఆగాడు. ఆగి, చాప వైపు చూశాడు.

లేవమని బతిమాలుతున్నాడు! ఇంత జరిగినా! భాగ్యమ్మ చాప అంచు గుప్పిట్లో బిగించి, తల వంచుకు కూర్చుంది. లేస్తే దక్కుతాడు. అట్లా దక్కినవాడు ఎన్నాళ్లు నిలుస్తాడు? కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా లేవలేదు.

"ఉంది," అని వినిపించింది.

సుందరరాజు వెనక్కి తిరిగి చాపల వైపు చూశాడు. "ఎవరది? లేచి చెప్పండి."

"లేచే ఉండాను నాయనా. నేనే."

గుడంతా గొల్లుమంది. "నాకు భాగ్యమ్మ కావాల," అన్నాడు కృపాకర్.

"మిషను పంతులు గనికూలిని చేసుకుంటాడా?" సుందరరాజు మొహం జేవురించింది. "ఏమే, ఏం మందు పెట్టినావే వీడికి?"

"ఆమె ఏం పెట్టలేదు నాయనా. రెండేండ్ల సంది నేనే వెంటబడినా."

"అయితే పో! బడి పోతది, నా ఇల్లు పోతది." సుందరరాజు ఆమె వైపు తిరిగాడు. "వట్టి చేతులతో వస్తే చేసుకుంటావా వీణ్ణి?"

ఏబేలు కొంగు పట్టి లాగుతున్నా భాగ్యమ్మ లేచి నిలబడింది. సంతోషం పట్టలేకపోతోంది, కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

"చేసుకుంటా. కాని సుశీలమ్మ పేరు చదివిన గొంతుతోనే నా పేరు కూడా మూడు ఆదివారాలు చదవమనండి. గొంతు తగ్గిందా, అభ్యంతరం నాకే."

కృపాకర్ కాగితం తిరగేశాడు. వెనకవైపు ఒక్క అక్షరం లేదు. దాన్నే ఎత్తిపట్టుకుని మొదలుపెట్టాడు. బయట ఎద్దులు తలెత్తాయి.