పావు చుట్టు

గుళ్ళన్నీ మళ్ళీ కిందికి, ఎడమకి పడ్డాయి.

నిన్న సాయంత్రం ఇదే తుపాకీ, ఇదే దూరం, ఇదే నేను. వరసగా నడిబొడ్డున చిల్లులు పొడిచి, పాట పాడుకుంటూ ఇంటికి వెళ్ళాను. ఇవాళ కాగితం తెచ్చి చూస్తే చిల్లులన్నీ ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా, నల్లచుక్కకి దూరంగా, ఎడమ పక్కన కింద గుంపు కట్టి ఉన్నాయి. వాటికి నామీద ఏదో పగ ఉన్నట్టే ఉంది.

నాది ఎయిర్ రైఫిల్, గాలి ఒత్తిడితో చిన్న సీసపు గుళ్ళు పేల్చేది. దాని మీద ఒక స్కోపు ఉంటుంది. అందులోంచి చూస్తే నిలువుగీత, అడ్డగీత కనిపిస్తాయి. అవి రెండూ కలిసిన చోటే గుండు పడేలా సరిచేసుకోవడాన్ని జీరో చేయడం అంటారు. స్కోపు పైన ఒక మూత, పక్కన ఒక మూత. వాటి కింద నాణెం పట్టేంత గాడి ఉన్న చిన్న బిళ్ళలు. పైది తిప్పితే గుండు పైకీ కిందికీ, పక్కది తిప్పితే కుడికీ ఎడమకీ జరుగుతుంది. ఒకసారి సరిచేస్తే నెలల తరబడి కదలకూడదు. నాది మాత్రం తెల్లారేసరికి కదిలిపోతోంది.

నేను చెయ్యని వైద్యం లేదు. గుళ్ళ డబ్బా మార్చాను. స్కోపుని పట్టి ఉంచే పట్టీలు ఊడదీసి మళ్ళీ బిగించాను. గొట్టం శుభ్రం చేశాను. నిలబడే తీరు మార్చాను. చెయ్యి వణుకుతోందేమోనని మధ్యాహ్నం కాఫీ మానేశాను. తలనొప్పి వచ్చింది గానీ జీరో మాత్రం రాలేదు. స్కోపు నేను కొనేటప్పటికే పాతది, బిళ్ళల చుట్టూ ఉండాల్సిన అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. అవి ఉంటే ఏది ఎంత కదిలిందో కనీసం తెలిసేది. పైగా ఈమధ్య ఆ మూతలు కూడా బిర్రబిగుసుకుపోతున్నాయి. గుడ్డ పట్టుకుని తిప్పితే గానీ రావడం లేదు. వాతావరణం అనుకున్నాను. మనిషికి బుద్ధి పనిచెయ్యనప్పుడు వాతావరణమే దిక్కు.

షూటింగ్ క్లబ్బులో నా పక్కన నిలబడే బట్టతలాయన జాలిగా చూసి, "ఆడలేక మద్దెల ఓడు అంటారు చూశారా," అన్నాడు. ఆ మాటకి ఆయన మీద గురిపెట్టకుండా ఉన్నానంటే అది నా సంస్కారం.

ఈ క్లబ్బు జట్టులో ఒక్క స్థానం ఖాళీ ఉంది. ఆదివారం ఎంపిక. ఆ స్థానం నాకు కావాలి. ఎందుకంత పట్టుదల అని మావారు అడిగారు గానీ ఆయనకి సరిగ్గా చెప్పలేకపోయాను. నేను పళ్ళసెట్లు తయారుచేస్తాను. అచ్చు తీసిన దగ్గర్నుంచి మెరుగు పెట్టేదాకా అంతా నా చేతి పనే. పెట్టుకున్న మనిషి అద్దంలో చూసుకుని మురిసిపోయి డాక్టరుకి దండం పెట్టి వెళతాడు. వెనక గదిలో నేనొకదాన్ని ఉన్నానని ఆయనకి తెలియదు. తప్పు ఆయనది కాదు, డాక్టరుదీ కాదు. కానీ కాగితం మీద పడిన చిల్లు మాత్రం ఇంకెవరి ఖాతాలోకీ పోదు. అది నాదే. అది నడిబొడ్డున ఉండాలి.

మాకు నేర్పే గడ్డం మాస్టారు నా కాగితాన్ని వెలుతురులో పెట్టి చూశారు.

"గుంపు బ్రహ్మాండంగా ఉంది. నీ చెయ్యి బాగానే ఉంది, తుపాకీ బాగానే ఉంది. మొత్తం ఒకే వైపు జరిగింది, అంతే. రోజూ ఇంతేనా?"

"రోజూ ఇంతే మాస్టారూ. కొలిచినట్టు అంతే."

"అయితే ఇవాళ సరిచేసి ఇక్కడే వదిలేసి వెళ్ళు. రేపు చూద్దాం."

వదిలేసి వెళ్ళాను. మర్నాడు వచ్చి పేలిస్తే మొదటి గుండే నడిబొడ్డున పడింది. రెండోది దాని పక్కనే. మాస్టారు గడ్డం నిమురుకున్నారు.

"రోగం తుపాకీకి కాదు, మీ ఇంటికి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ముందు ఆ సంగతి చూసుకో."

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మావారు, మామయ్య. మామయ్య మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. నోట్లోంచి మాట ఊడిపడదు. ఆయన లోకం ఆయనది. కాబట్టి నా అనుమానమంతా మావారి మీదికే పోయింది.

"ఏమండీ, నా తుపాకీ ముట్టుకుంటున్నారా?"

ఆయన షేవింగ్ చేసుకుంటున్నారు. సగం ముఖం నురగతోనే నావైపు తిరిగారు.

"నీ సామాను ముట్టుకునే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది? నీ దువ్వెన జరిపినందుకే వారం పాటు మాటల్లేవు."

అది నిజమే. అయినా నమ్మలేదు. ఎంపిక వేరే మైదానంలో, పొద్దున్నే. అందుకని శనివారం సాయంత్రం చివరిసారి జీరో చేసి, తుపాకీ ఇంటికి తెచ్చుకోక తప్పలేదు. పెట్టెతో సహా మంచం కింద పెట్టి, పెట్టె పట్టీ నా చేతికి చుట్టుకుని పడుకున్నాను. మావారు ఒకసారి లేచి చూసి, అటు తిరిగి పడుకున్నారు.

ఆదివారం పొద్దున లేచి, పెట్టె హాల్లో బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాను. బయటికొచ్చేసరికి పెట్టె తెరిచి ఉంది. మామయ్య కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చున్నారు. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. స్కోపు పైమూత విప్పి పక్కన పెట్టి ఉంది. స్క్రూడ్రైవరు గాడిలో ఉంది.

"ఏం చేస్తున్నారు మామయ్యా?"

"బిగిస్తున్నానమ్మా," అన్నారు, తల ఎత్తకుండానే. "ఇవాళ పోటీ కదా. ఒకసారి చూసి పెడదామని. ఈ రెండు స్క్రూలూ ఎంత బిగించినా మర్నాటికి వదులైపోతున్నాయి. తిప్పితే టిక్కు టిక్కుమంటున్నాయి. మరలో ఏదో లోపం ఉంది."

మామయ్య తెల్లవారుజామునే లేచి ఇల్లంతా తిరుగుతారని తెలుసు. అలమారా బందులు, తలుపు గొళ్ళాలు, కుర్చీ కాళ్ళు, గిన్నెల పిడులు, ఆయన కంట పడ్డ ఏ స్క్రూకీ విముక్తి లేదు. అవన్నీ నాకు తెలుసు. కానీ జీరో బిళ్ళ తల అచ్చం స్క్రూ తలలా ఉంటుందనీ, వదులుగా ఉన్న స్క్రూని చూసి ఊరుకోవడం ఆ మనిషి వల్ల కాదనీ మాత్రం నా బుర్రకి తట్టలేదు. నేను సాయంత్రం సరిచేయడం, ఆయన పొద్దున్నే బిగించడం. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటూ, ఒకరికి తెలియకుండా ఒకరు, ఒకే స్క్రూతో కుస్తీ పట్టాం.

నా నోరు నా మాట వినలేదు.

"అది స్క్రూ కాదు మామయ్యా. మీరు రోజూ తిప్పబట్టే నా గురి తప్పుతోంది. ఇన్నాళ్ళుగా నేను పిచ్చిదాన్నైపోతున్నాను. ఎవరు చెప్పారు మీకు ముట్టుకోమని? మీ చేతులు ఊరికే ఉండలేవా?"

ఆయన స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టారు. మూత కూడా పెట్టారు, జాగ్రత్తగా, దొర్లిపోకుండా. లేచి బాల్కనీలోకి వెళ్ళి వీధివైపు తిరిగి నిలబడ్డారు.

కోపం తగ్గేదాకా కూడా భయం ఆగలేదు. ఎంపిక రోజున మా మాస్టారి దగ్గర సరిచూసుకునే గుళ్ళు ఉండవు. మొదటి గుండు నుంచీ లెక్కే. "ఇంటి దగ్గర సిద్ధపడనివాళ్ళు ఇక్కడికొచ్చి సిద్ధపడేదేంటి" అంటారాయన. ఇప్పుడు ఏ బిళ్ళ ఎంత తిరిగిందో నాకు తెలియదు. తెలిసింది ఒక్కరికే. ఆయన్ని ఇప్పుడే నోటికొచ్చినట్టు అన్నాను.

బాల్కనీలోకి వెళ్ళాను.

"మామయ్యా, ఇవాళ ఎంత తిప్పారు?"

"పావు చుట్టు," అన్నారు, వీధినే చూస్తూ.

"రెండూనా?"

"పైదొక్కటే. పక్కదాని దగ్గరికి వచ్చేలోగా నువ్వొచ్చావు."

"కచ్చితంగా పావేనా?"

అప్పుడు తిరిగి చూశారు. ఆ చూపులో కోపం లేదు. చిన్నబుచ్చుకోవడం ఉంది. అది చూడలేకపోయాను.

"బిగిసిందో లేదో చూడ్డానికి పావు చాలమ్మా. అంతకు మించితే మర పాడవుతుంది. నేనెప్పుడూ పావు దాటలేదు."

వచ్చి బల్ల ముందు నిలబడ్డాం. స్క్రూడ్రైవరు తీసి ఆయన చేతికిచ్చాను.

"వెనక్కి తిప్పండి."

"నేనా? వదులు చెయ్యమంటావా?"

"అవును. ఎంత తిప్పారో అంతే."

ఆయన చాలాసేపు గాడిని చూశారు. జీవితమంతా బిగించిన మనిషి, వదులు చెయ్యాలంటే చెయ్యి రాలేదు. తర్వాత ఊపిరి బిగబట్టి తిప్పారు. టిక్కుటిక్కుమంటూ వెళ్ళి ఆగింది. మూత పెట్టి, దాన్ని మాత్రం బిగించబోయి, నావైపు చూసి ఆగిపోయారు. "మూత బిగించొచ్చు మామయ్యా," అన్నాను.

మైదానంలో నా వంతు వచ్చింది. కాగితం వంక స్కోపులోంచి చూశాను. రెండు గీతలూ నల్లచుక్క మీద నిలిచాయి. ఇంటి దగ్గర మళ్ళీ చూసుకునే వీల్లేదు, ఇక్కడా లేదు. ఒకవేళ ఆయన చెయ్యి ఇవాళ వణికి ఉంటే? నా మాటలకి వణికి ఉంటే? ఆయన మాట నమ్మాలి, లేదంటే కొంచెం పైకి పట్టి, ఏదైతే అదయిందని కాల్చాలి. పైకి పట్టలేదు. నల్లచుక్క మధ్యకే పెట్టి నొక్కాను.

నడిబొడ్డున పడింది. అక్కడ నిలబడే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ నేను తిట్టిపోసిన ఆ తప్పు, రోజూ ఒక్క వెంట్రుక కూడా అటూ ఇటూ కాకుండా జరిగిన తప్పు. మా ఇంట్లో అంత నిలకడైన చెయ్యి ఇంకెవరికీ లేదు, నాకు కూడా. మిగతా గుళ్ళు కొన్ని బాగా పడ్డాయి, కొన్ని అంతంతమాత్రం. మాస్టారు కాగితాలన్నీ చూసి, జట్టులోకి నా పేరు చదివారు.

"స్కోపు ఎవరు బాగుచేశారు?"

"మా మామయ్య."

"చెడగొట్టిందెవరు?"

"ఆయనే."

ఇంటికొచ్చేసరికి మామయ్య బాల్కనీలోనే ఉన్నారు. ఏమైందని అడగలేదు. నేనే చెప్పాను. తల ఊపారు. వీధిలో ఎవరితోనో చెబుతున్నట్టు, "మావాడు బల్బు మార్చమంటాడు, కుళాయి చూడమంటాడు. నువ్వు ఎప్పుడూ ఏదీ అడగవు కదమ్మా. నీ సామాన్లో నాకు అర్థమైంది ఆ స్క్రూలే," అన్నారు.

కోపం ఇంకా పూర్తిగా పోలేదు. అయినా పోయి ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"రేపు మా ల్యాబుకి వస్తారా మామయ్యా? నా పనిబల్ల ఊగుతోంది. పళ్ళకి మెరుగు పెట్టడం కుదరడం లేదు."

ఆయన నావైపు తిరిగారు. "ఎన్ని స్క్రూలు?"

"నాలుగో, ఎనిమిదో. చూడలేదు."

"పెద్ద స్క్రూడ్రైవరు తేవాలి అయితే," అని అప్పుడే లేచి లోపలికి వెళ్ళారు.

ఆ బల్ల రాయిలా ఉంటుంది, అంగుళం కదలదు. రేపు ఆయనకంటే ముందు వెళ్ళి, నేనే దాని స్క్రూలు వదులు చెయ్యాలి.