దొరను నిద్రలేపే పద్ధతి

దొర నన్ను కరిచాడు. ముసలి కుక్క, ఈగను కూడా తరిమి ఎరగడు, అలాంటివాడు నా కుడిచెయ్యి పట్టుకుని కరిచాడు. ఆ తర్వాత నా మొహం చూసి, కరిచింది ఎవరినో తెలుసుకుని, కుట్టు మిషను కిందికి దూరి వణుకుతూ కూర్చున్నాడు. సబ్బుతో చెయ్యి కడుక్కుంటూ వాణ్ణి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

నా పనే ఇది. ఊరెళ్ళే వాళ్ళ ఇళ్ళ తాళాలు నా దగ్గర ఉంటాయి. పొద్దున్నే బయల్దేరి ఒక ఇంట్లో పిల్లులకు తిండి పెట్టి, వాటి ఇసక తొట్టి శుభ్రం చేసి, ఇంకో ఇంట్లో చిలకతో కాసేపు తగువాడి, మరో ఇంట్లో కుక్కను నడిపించుకొస్తాను. ఈ పనిలో మొదటి నియమం, తలుపు తీయగానే గుమ్మంలో నిలబడి గట్టిగా పిలవాలి. చెప్పాపెట్టకుండా మీద పడితే ఏ జంతువైనా బెదురుతుంది. నా గొంతుకి పక్క వీధి కుక్కలు కూడా లేచి నిలబడతాయని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆ రోజూ గుమ్మంలో నిలబడి దొరను పిలిచాను. పిలిచాను కాబట్టి విన్నాడనుకున్నాను. వెనక నుంచి వెళ్ళి, నిద్రపోతున్నవాడి వీపు మీద చెయ్యి వేశాను.

దొరను పెంచుతున్నావిడ టైలరు. పాత మేడ పైభాగంలో, చెక్క పలకల నేల ఉన్న ఇల్లు. గుమ్మానికి ఎదురుగా, వీధివైపు గదిలో మిషను, దాని కింద దొర పరుపు. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అంటాను. కూతురికి ఆడపిల్ల పుట్టిందని చూడ్డానికి వెళ్ళింది. ఆదివారం తల్లినీ బిడ్డనీ కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకోవడానికి తీసుకొస్తోంది. రోజూ సాయంత్రం ఫోను చేస్తుంది. నా సంగతి తర్వాత, ముందు దొర తిన్నాడా అని అడుగుతుంది.

కరిచిన సంగతి దాచేయొచ్చు. కానీ నన్ను నమ్మి తాళం ఇచ్చిన మనిషి దగ్గర ఆ ఇంట్లో జరిగింది దాచడం నాకు చేతకాదు. చెప్పాను. ఆవిడ చేతిలోంచి అల్లుడు ఫోను అందుకున్నాడు. మర్యాదస్తుడు. ముందు నా చెయ్యి ఎలా ఉందని, సూదులు వేయించుకున్నానా అని అడిగాడు. ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. పసిపిల్ల ఉండే ఇంట్లో కరిచే కుక్కను ఉంచలేమట. ఊరి బయట ముసలి కుక్కలను చూసుకునే చోటు ఒకటుందట. ఆదివారం తల్లీబిడ్డలు వచ్చేలోపే తాను వచ్చి వాణ్ణి అక్కడ దింపి వస్తాడట. వెనక పిన్నిగారు ముక్కు చీదుకోవడం నాకు వినిపిస్తూనే ఉంది. అతని మీద కోపం తెచ్చుకుందామంటే ఒక్క మాటలోనూ తప్పు దొరకలేదు. నా పిల్ల అయితే నేనూ అదే అనేదాన్ని.

"ఆదివారం దాకా వాడి పూచీ నాది," అన్నాను. "అప్పటిదాకా నాకు వదిలేయండి."

ఇంటికొచ్చాక మా ఆయన చేతికి కట్టు మారుస్తూ, రెండో చెయ్యి కూడా వాడికి అప్పగించి వస్తావా అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళలో ఎవరి మీదా పన్ను పెట్టని కుక్క ఒక్కసారిగా ఎందుకు కరుస్తుంది? ఎక్కడో ఏదో జరిగింది. అదేమిటో తేల్చందే నాకు నిద్ర పట్టదు.

మర్నాడు దొర తలుపు వైపు వీపు పెట్టి కూర్చుని ఉండగా సంచిలో నా ఫోను మోగింది. సంచి వాడి పక్కనే ఉంది. వాడి చెవి కదల్లేదు. వంటింట్లోంచి రెండు మూతలు తెచ్చి వాడి తల వెనక నిలబడి చెడామడా వాయించాను. కింది వాటా వాళ్ళు పైకొచ్చి ఏమైందని అడిగారు. దొర మాత్రం తన కాలు తాను నాక్కుంటున్నాడు.

ఆటోలో ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. వయసుతో వచ్చిన చెవుడు, మందు లేదన్నాడు. నా అరుపు వాడికి అందనే లేదు. వాడి మటుకు వాడికి నిద్రలో ఎవరో వచ్చి మీద పడ్డారు. తప్పు నా గొంతుది, దాన్ని నమ్ముకున్న నాది.

కానీ ఈ మాట అల్లుడికి చెబితే ఏమవుతుంది? కరిచే కుక్క అన్నవాడు ఇప్పుడు చెవిటి కుక్క, పైగా కరుస్తుంది అంటాడు. మాటలతో అయ్యే పని కాదు. ఆదివారంలోగా ఈ ముసలాణ్ణి బెదరకుండా లేపే దారి కనిపెట్టాలి. అది అతని కళ్ళముందు జరగాలి.

మొదట లైటు వేసి ఆర్పి చూశాను. కళ్ళు మూసుకున్నవాడికి లైటెందుకు? తిండి వాసన చూపించాను. ముక్కు దగ్గర పెడితే తప్ప లేవలేదు, అంత దగ్గరికి వెళ్ళడమే కదా ప్రమాదం. విసుగొచ్చి టైలరు కుర్చీలో కూలబడ్డాను. కాలు ఊరికే ఉండక మిషను పెడలు తొక్కింది. కింద దొర కళ్ళు తెరిచాడు. ఉలిక్కిపడలేదు, గుర్రుమనలేదు. హాయిగా ఒళ్ళు విరుచుకుని, తోకతో నేలను టపటపా కొట్టాడు.

అప్పుడు చూశాను. వాడి తల మిషను ఇనప కాలికి ఆనుకుని ఉంది. ఆ అదురు వాడికి తెలుసు. పిన్నిగారు మిషను తొక్కినప్పుడల్లా వాడు అలాగే లేచేవాడు. అందుకే వాడికి చెవుడొచ్చిందని ఆవిడకు ఇన్నాళ్ళూ అనుమానం రాలేదు.

ఇక నన్ను ఎవరాపుతారు? గుమ్మంలో నిలబడి నేలను పాదంతో తట్టడం మొదలుపెట్టాను. వాడు లేవలేదు. పరుపు మందంగా ఉంది. పరుపు లాగేసి పల్చటి దుప్పటి పరిచాను. ఈసారి కళ్ళు తెరిచాడు. వెంటనే ఒక బిస్కట్టు. మళ్ళీ తట్టు, మళ్ళీ బిస్కట్టు. మిగతా ఇళ్ళ పని త్వరగా ముగించుకుని రోజూ వాడి దగ్గరికే వచ్చాను. చిలక అలిగి నాతో మాట్లాడటం మానేసింది. శనివారానికి మడమ నొప్పి పుట్టింది కానీ, గుమ్మంలో రెండుసార్లు తడితే దొర లేచి, నా వైపు చూసి, తోక ఊపుతూ నడిచి వస్తున్నాడు. మా ఆయన్ని లాక్కొచ్చి మిషను గది వాకిలికి నడుమెత్తు చెక్క గేటు బిగింపించాను. గొణుక్కుంటూనే బిగించాడు. చివరికి తనే రెండుసార్లు నేలను తట్టి, దొర వస్తే మురిసిపోయాడు.

ఆదివారం తల్లీబిడ్డల్ని దగ్గర్లో చుట్టాలింట్లో ఉంచి, పిన్నిగారూ అల్లుడూ ముందు వచ్చారు. అతని చేతిలో కొత్త గొలుసు, మూతికి కట్టే జాలీ ఉన్నాయి. పిన్నిగారి కళ్ళు వాచి ఉన్నాయి. ఇద్దరినీ గుమ్మంలోనే ఆపి, డాక్టరు చెప్పింది చెప్పి, నా తప్పూ చెప్పి, గేటు అవతల నిద్రపోతున్న దొరను చూపించాను. పిలవొద్దన్నాను. అల్లుణ్ణి రెండుసార్లు నేలను తట్టమన్నాను. అతను అనుమానంగా చూస్తూ తట్టాడు. దొర లేవలేదు. నా చూపు అతని కాళ్ళ మీద పడింది.

"బూట్లు విప్పండి బాబూ, వాటి అడుగు మెత్తన," అన్నాను. "మడమతో గట్టిగా కొట్టండి."

విప్పాడు. కొట్టాడు. దొర కళ్ళు తెరిచి, ఎవరా అని చూసి, నింపాదిగా గేటు దగ్గరికి వచ్చి, అతను ముందుకొచ్చి చాచిన చెయ్యి వాసన చూశాడు.

అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. కానీ అడగాల్సింది అడిగాడు. పాప రేపు పాకుతూ నిద్రలో ఉన్నవాడి దగ్గరికి వెళితే ఏమిటని. గేటు అందుకే అన్నాను. వాడు పడుకున్నంతసేపూ గేటు వేసి ఉండాలి, పెద్దవాళ్ళు తట్టి లేపాకే తీయాలి, పెద్దవాళ్ళు లేకుండా పాపా వాడూ ఒక్కచోట ఉండకూడదు. ఇంతకంటే నా దగ్గర జవాబు లేదని కూడా చెప్పాను. అతను గేటు గడియ తీసి, వేసి, ఊపి చూస్తూ నిలబడ్డాడు.

పిన్నిగారు మాత్రం గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"పిలిస్తే రావడం లేదని ఏడాదిగా తిడుతున్నానమ్మా," అంది. "ముసలాడివయ్యాక పొగరెక్కిందిరా అన్నాను. నిన్ను తీసుకెళ్ళి ఎక్కడో వదిలేస్తానని కూడా అన్నాను."

గేటు తీసి లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. దారం లేదు, గుడ్డ లేదు, ఊరికే పెడలు తొక్కింది. దొర అల్లుణ్ణి వదిలేసి వెనక్కి వెళ్ళి, ఆవిడ పాదం మీద గడ్డం ఆనించి పడుకున్నాడు. ఆవిడ ఏడుస్తూనే తొక్కుతోంది. నాకూ ఏడుపు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

అల్లుడు గొలుసూ జాలీ తీసుకెళ్ళి తలుపు వెనక మేకుకి తగిలించాడు. జేబులోంచి ఫోను తీసి భార్యకు చేశాడు. పాపను తీసుకుని వచ్చేయమన్నాడు.

"ఒక్క మాట," అన్నాడు ఫోనులో. "మెట్లెక్కాక గుమ్మంలో చెప్పులు విప్పి ఆగు. లోపలికి ఎలా రావాలో నేను చూపిస్తాను."