చెంగు నుంచి చెంగుకి

వలేరియన్ పావ్లోవిచ్ తన మేక కోసం కొట్టం నేలంతా లినోలియం పరిచాడు. చెక్క గీతలున్న రకం, పట్నంలో వంటిళ్లలో వేసుకునేది. వారానికి రెండుసార్లు వచ్చే సరుకుల వ్యాను దగ్గర జీనా ఈ సంగతి చెబితే, "ఇంకేం, చెప్పులు విప్పి లోపలికి రమ్మంటాడు మేకని," అన్నాను. ఆడవాళ్లందరూ పగలబడి నవ్వారు. జీనా మాత్రం నవ్వకుండా నా వెనక్కి కనుసైగ చేసింది. ఆయనగారు రొట్టె కోసం నా వెనకే వరసలో నిలబడి ఉన్నారు.

"నవ్వండి గ్లాఫిరా తిహొనొవ్నా గారూ, ఫర్వాలేదు," అన్నాడు. "మీ కొట్టం గోడలు చూశాను. పైన, కప్పు కింద, నా అరచెయ్యి దూరేంత సందులున్నాయి. మీరు వెచ్చబెడుతున్నది మేకని కాదండీ, వీధిని. కావాలంటే ఎంత వేడి వృథాగా పోతోందో కాగితం మీద వేసి చూపిస్తాను."

ఈసారి ఆడవాళ్లు ఇంకా గట్టిగా నవ్వారు. మా ఊరి ఆడవాళ్లు అంతే. ఎవరో ఒకరు బోర్లా పడాలి, ఎవరన్నది వాళ్లకి పట్టదు. నేను రొట్టె సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టాను. ఈ మనిషికి జీవాల గురించి ఒక్క ముక్క చెబితే నా పేరు గ్లాఫిరా కాదని ఆ దారిలోనే ఒట్టు పెట్టుకున్నాను. అప్పటికి అక్టోబరు నెలాఖరు. మంచు ఒకసారి కురిసి కరిగి, రెండోసారి కురిసి నిలిచింది.

ఆయన నలభై ఏళ్లు ఏదో కార్ఖానాలో ఇంజనీరుగా చేశాడట. భార్య నోన్నాకి ఊపిరితిత్తులు చెడి, డాక్టర్లు మంచిగాలి అన్నారని రెండేళ్ల కిందట మా జారుచ్యే పల్లెకి వచ్చి, నా పక్కిల్లు కొన్నాడు. కొన్నవాడు కొన్నట్టుండక, ఇంటిని ఆనుకుని ఉన్న కొట్టాన్ని కూలగొట్టించాడు. మా దగ్గర ఇల్లూ కొట్టమూ ఒకే కప్పు కింద ఉంటాయి. పొయ్యి దగ్గర నుంచి లేచి, నడవా దాటి తలుపు తీస్తే ఎదురుగా మేక, పైన కర్ర మీద కోళ్లు. మంచు కిటికీల దాకా పేరుకున్నా జీవాల కోసం బయటికి అడుగు పెట్టనక్కర్లేదు. నూటయాభై ఏళ్లు నిలిచిన ఆ కొట్టం ఈయన ముక్కుకి వాసనేసింది. పెరటి చివర కొత్తది కట్టాడు. గోడలకి లోపల ప్లాస్టిక్ పట్టా, సందుల్లో గట్టిపడే నురగ, తలుపుకి రబ్బరు, మూలన కరెంటు హీటరు, నాలుగు గోడలకీ నాలుగు థర్మామీటర్లు. పొద్దున్నా సాయంత్రం అవి చూసి పుస్తకంలో రాసుకునేవాడు. మేక ఏం అనుకుంటోందో రాసుకోవడానికి అందులో గడి లేదు.

నోన్నా వేరు. ఆమెకి ఏమీ రాదు, కానీ రాదని తెలుసు. మా కొట్టంలో నా పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, చల్లటి చేతులు చంకలో పెట్టి వెచ్చచేసుకున్నాకే పొదుగు ముట్టుకోవాలని నా దగ్గరే నేర్చుకుంది. "పిన్నీ, యాభైఏడేళ్లొచ్చాయి, నాకంటూ ఒక జీవాన్ని పెంచింది లేదు," అనేది. "పిల్లల్లేరు. పట్నంలో కుక్కని కూడా ఆయన పెంచనివ్వలేదు. ఒక్క మేకనివ్వండి. వసంతంలో అది ఈనితే పిల్లని నా చేత్తో పట్టుకుంటాను, అంతే."

అందుకే సెప్టెంబరులో స్మోల్కాని ఇచ్చాను. నా మేక మాల్వా కడుపున పుట్టిన పిల్ల, తారులాగా నల్లనిది, తొలిచూలుకి కట్టించి మరీ ఇచ్చాను. బదులుగా వలేరియన్ మోటారు రంపంతో నాకు చలికాలానికి సరిపడా కట్టెలు కోసిపెట్టాడు. వంకరగా పేర్చాడు, అది వేరే సంగతి.

జీవాన్ని చేతులు మార్చేటప్పుడు మా దగ్గర పగ్గం ఒట్టి చేత్తో ఇవ్వం, ఒట్టి చేత్తో పుచ్చుకోం. ఇచ్చేవాళ్లు కోటు కింది అంచుతో, అదే చెంగుతో, పట్టుకుని ఇవ్వాలి, పుచ్చుకునేవాళ్లు కోటు చెంగుతో అందుకోవాలి. ఒట్టి చేత్తో అందుకుంటే అది చేతులు మారినట్టే కాదు, జీవం ఇచ్చినవాళ్లదిగానే ఉండిపోతుంది. ఇంకొకటి కూడా ఉంది. చెంగు మారాక మొదటి చలికాలమంతా పాత యజమాని ఆ జీవానికి మొహం చూపించకూడదు. చూపిస్తే పాత ఇంటి మీద బెంగపడి ఎండిపోతుంది. ఈ రెండో మాట నోన్నాకి చెప్పాను. మొదటిదాని గురించి చెంగు పట్టమని చెప్పి ఊరుకున్నాను, ఎందుకో విడమర్చలేదు. పట్నం వాళ్లకి సగం చెబితే చాలనుకున్నాను.

నవంబరు మధ్యలో ఒకరోజు కంచె అవతల వాళ్ల కొత్త కొట్టం కిటికీ చూశాను. అద్దం లోపలివైపు నీళ్లు ధారగా కారుతున్నాయి. నాకు ఇంకేం చూడక్కర్లేకపోయింది.

చలి జీవాలని చంపదు. ఒంటి నిండా ఈకలూ బొచ్చూ ఉన్నవాటికి పొడి చలి ఏమీ చెయ్యదు. చంపేది చెమ్మ. ఒక మేకా పదిహేను కోళ్లూ తెల్లవార్లూ వదిలే ఊపిరి ఎటన్నా పోవాలి. అందుకే మా తాతలు కప్పు కింద, జీవాలకి గాలి తగలనంత ఎత్తున సందులు వదిలారు. కింద గడ్డి మీద గడ్డి వేస్తూ పోతారు, వసంతం దాకా ఎత్తరు, అది అడుగున మగ్గి వెచ్చదనమిస్తుంది. ఈ మహానుభావుడు పైన సందులు మూసి, కింద గడ్డి రోజూ ఊడ్చి, లినోలియం తడిగుడ్డతో తుడిచేవాడు. ఊపిరీ ఉచ్చా అన్నీ లోపలే తిరుగుతున్నాయి. హీటరు వాటిని ఇంకాస్త ఉడకబెడుతోంది.

అన్నీ తెలిసి, ఒక్క మాట చెప్పకుండా కంచె దగ్గర నుంచి లోపలికొచ్చాను. సంతోషంగానే వచ్చాను. చెమ్మకి తడిసిన పుంజు తురాయి చలికి నల్లబడి ఊడిపోతే అది పట్టుకుని వ్యాను దగ్గర నిలబడతాడు, అప్పుడు వేస్తాను కాగితం మీద, అనుకున్నాను.

డిసెంబరులో నోన్నా వచ్చింది. "పిన్నీ, పుంజు తురాయి అంచు నల్లగా అవుతోంది. లోపల వెచ్చగానే ఉంది, ఎందుకో తెలియట్లేదు. ఒక్కసారి వచ్చి చూస్తారా?"

"మొదటి చలికాలం నేను రాకూడదని చెప్పాను కదమ్మా."

"మేక వైపు చూడకండి. కోళ్లనే చూడండి."

"మేక నన్ను చూస్తుంది కదా," అని, బాతుకొవ్వు డబ్బా చేతిలో పెట్టి పంపేశాను. "తురాయికి పట్టించు. మీ ఆయన్నడుగు, ఆయనకి అన్నీ తెలుసు."

జనవరిలో చలి సున్నాకి ముప్పైయెనిమిది డిగ్రీల కిందికి దిగింది. ఊళ్లో ఇళ్ల దూలాలు చలికి బిగిసి తుపాకుల్లాగా పేలుతున్నాయి. నా కోళ్లు గడ్డి కాళ్లతో చిమ్ముకుంటూ బాగానే ఉన్నాయి, రెండు గుడ్లు కూడా పెట్టాయి. నోన్నా మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చోలేదు.

"స్మోల్కా దగ్గుతోంది పిన్నీ. రాత్రంతా. పొట్టలో పిల్ల కదులుతోంది, చెయ్యి పెడితే తెలుస్తోంది. ఆయనేమో ఇంకో హీటరు పెడతానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?"

నోటిదాకా వచ్చింది. గోడకి పైన రెండు కన్నాలు కొట్టండి, లినోలియం పీకి పారేసి మోకాలిలోతు గడ్డి వెయ్యండి. ఇంతే, రెండు ముక్కలు. కానీ నోన్నా వెళ్లి ఆ రెండు ముక్కలూ మొగుడికి చెబుతుంది. ఆయన అవి పుస్తకంలో రాసుకుని, తానే కనిపెట్టినట్టు వ్యాను దగ్గర అందరికీ పాఠం చెబుతాడు. ఆ మొహం ఊహించుకున్నాను. "వేడినీళ్లలో ఓట్సు పిండి కలిపి తాగించు," అన్నాను. అది మంచిదే, అబద్ధం కాదు.

ఫిబ్రవరిలో నా మాల్వా ఈనింది. దానికి పదిరోజుల తరవాత, తెల్లారుతూనే, వలేరియన్ పావ్లోవిచ్ స్వయంగా వచ్చాడు. మనిషి నెత్తిన టోపీ లేదు.

"మేక లేవట్లేదండీ," అన్నాడు. "లోపల సగటున తొమ్మిది డిగ్రీలుంది. ఒక్కరోజు కూడా తగ్గలేదు. నేను రాశాను, మొత్తం రాశాను. తగ్గలేదు."

అప్పుడు ఆచారం గుర్తు రాలేదు నాకు. ఉన్నిబూట్లు తొడుక్కుని పరిగెత్తాను.

తలుపు తీయగానే కళ్లు భగ్గున మండాయి. ఉచ్చ వాసన గొంతులో పట్టేసింది. గోడలు కారుతున్నాయి, హీటరుకి దూరంగా ఉన్న మూలల్లో ఆ నీళ్లే గడ్డకట్టి ఉన్నాయి. పుంజుకి తురాయి లేదు, మొద్దు మిగిలింది. స్మోల్కా ఆ చెక్క గీతల మీద పడి ఉంది, నోరు తెరుచుకుని ఎగశ్వాస తీస్తోంది. లినోలియం మీద లేవబోయి లేవబోయి గిట్టలు జారిన గీతలు చుట్టూ ఉన్నాయి. నోన్నా దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"స్మోల్కా," అన్నాను. నా గొంతు విని అది చెవులు కదిపింది. ముందుకాళ్లు కూడదీసుకుని లేవబోయింది.

దాన్ని చెక్కబల్ల మీద పెట్టి ముగ్గురం మా కొట్టానికి మోసుకొచ్చాం. అది పుట్టిన మూలలోనే, పొడిగడ్డి మీద పడుకోబెట్టాను. మాల్వా దడి మీదుగా తల చాపి దాన్ని వాసన చూసింది. పట్టుకుని లాగితే మధ్యాహ్నానికి రెండు పిల్లలు వచ్చాయి, నెలలు నిండనివి. ఒకటి చచ్చి పుట్టింది. రెండోది ఊపిరి తీసింది, నల్లది, పిడికెడంత. దాన్ని నోన్నా తన కోటులో పెట్టుకుంది. స్మోల్కా దాన్ని నాకలేదు. కాసేపటికి తల్లి పోయింది.

వలేరియన్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తరవాత మెల్లిగా చెయ్యెత్తి, కప్పు కిందున్న సందులో అరచెయ్యి పెట్టాడు. బయటికి పోతున్న ఆవిరి తగిలి ఉంటుంది.

"ఇందుకా ఇవి," అన్నాడు.

"ఇందుకే."

"నా కోళ్లకి ఎంత ఎత్తున కొట్టాలండీ కన్నాలు?"

మూణ్నెల్లుగా ఈ క్షణం కోసమే కాచుకున్నదాన్ని. ఎన్ని మాటలు నూరిపెట్టుకున్నానో. ఎంత ఎత్తో చేత్తో చూపించాను. ఆయన గొడ్డలి తీసుకుని వెళ్లాడు. కాసేపటికి చెక్క పగిలే చప్పుడు వినిపించింది. చెప్పిన మాట చెప్పినట్టు వినే మనిషిని ఇన్నాళ్లూ మొండివాడని తిట్టుకున్నాను. ఒట్టి తెలియనివాడు. తెలిసినదాన్ని నేను.

నోన్నా కదల్లేదు. "మీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగింది.

"ఏది?"

"మా కొట్టం సంగతి."

అబద్ధమాడొచ్చు. పక్కనే చచ్చిన మేక ఉంది. "నవంబరులో," అన్నాను. "కిటికీ చూసినప్పుడు."

"నేను రెండుసార్లు వచ్చాను."

"ఆచారం ఉంది కదమ్మా, మొదటి చలికాలం..."

"రాకూడదనే కదా ఆచారం. చెప్పకూడదని కూడా ఉందా?"

ఆమె లేచింది. కోటు చెంగు పైకి తీసి, మేకపిల్లని అందులో చుట్టి, రెండు చేతులా నా ముందుకి చాపింది. సెప్టెంబరులో నేను నేర్పిన పద్ధతే, తప్పు లేకుండా.

"పుచ్చుకోండి, గ్లాఫిరా తిహొనొవ్నా గారూ." పిన్నీ అనలేదు. "మీ మాల్వాకి పాలున్నాయి. ఇది మీ దగ్గరైతే బతుకుతుంది. మొదటి చలికాలం పాత యజమాని మొహం చూపించకూడదు కదా, నేను చూపించనులెండి."

నేనూ కోటు చెంగు పడతానని ఎదురుచూస్తూ నిలబడింది. మేకపిల్ల వణుకుతోంది. నేను ఉన్ని చేతితొడుగులు పీకి కింద పడేశాను. కోటు ముట్టుకోలేదు. ఆమె చెంగులోంచి పిల్లని ఒట్టి చేతులతో తీసుకున్నాను. దాని పొట్ట కింద తడి ఇంకా ఆరలేదు.

"ఒట్టి చేత్తో అందుకుంటే చేతులు మారినట్టు కాదు," అన్నాను. "ఇచ్చినవాళ్లదే. ఇది నీది నోన్నా. నేను పాలు పిండి ఉంచుతాను. పొద్దున్నా సాయంత్రం నువ్వే వచ్చి చేత్తో పట్టుకుని తాగించాలి."

ఆమె నా చేతుల వైపు చూసింది.

"ఇది నిజంగా ఆచారమేనా, ఇప్పుడు పుట్టించారా?"

"ఆచారమే. సెప్టెంబరులోనే చెప్పాల్సింది."

నమ్మిందో లేదో తెలియదు. కోటుకంటిన గడ్డి దులుపుకుని వెళ్లిపోయింది. పిల్లకి మాల్వా పాలు తొలిసారి నేనే పట్టాను, అప్పుడు తప్పలేదు. సాయంత్రానికి మళ్లీ పిండి, సీసాలో పోసి పొయ్యి మీద వెచ్చగా ఉంచి, నడవా తలుపు గడియ తీసి పెట్టాను.