ఆకాశంలో నలుసు

తెరుచుకోని వస్తువు పనికిరానిదని ఆమె భర్త నమ్మకం. మూత బిగుసుకున్న సీసాలు, జిప్పు ఇరుక్కున్న సంచులు, తాళంచెవి పోయిన పెట్టెలు ఆయన కంటబడితే బతికి బట్టకట్టవు. ఉద్యోగకాలమంతా ఒక గిడ్డంగిని ఏలిన మనిషి. పదవీ విరమణ తరువాత ఏలుకోవడానికి ఇల్లు ఒక్కటే మిగిలింది.

ఆ ఉదయం ఫోటోగ్రఫీ సంఘం గ్రూపులో ప్రదర్శన తాలూకు ఫోటో ఒకటి వచ్చింది. ప్రవేశద్వారం పక్క గోడమీద, తలుపంత ఎత్తున, ఆమె తీసిన బొమ్మ వేలాడుతోంది. ఎత్తయిన మేడ అద్దాలు తుడిచే మనిషి తాడుకు వేలాడుతూనే, పని ఆపి, అద్దంలో తన ముఖం చూసుకుంటూ జుట్టు సవరించుకుంటున్న బొమ్మ. బొమ్మ కింద సంఘం అధ్యక్షుడి పేరుంది. ఆ పేరుకు పైన "శ్రమైక జీవన మాధుర్యం" అనే శీర్షిక కూడా ఉంది.

ఆమె వెంటనే కంప్యూటర్ ముందు కూర్చుంది. అసలు ప్రతి చూపిస్తే క్షణంలో తేలిపోయే వ్యవహారం. తీరా చూస్తే అసలు ప్రతులుండవలసిన చోట ఒక్కటీ లేదు.

"ఏవండీ, నా ఫోటోలేవి?"

"ఉన్నాయిగా," అన్నాడు భర్త పక్కగదిలోంచి, మెప్పు ఆశించే గొంతుతో. "నిన్న శుభ్రం చేశాను. సగం తెరుచుకుంటున్నాయి, సగం ఏం చేసినా తెరుచుకోవట్లేదు. తెరుచుకోనివన్నీ తీసి పారేశా. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశా, మళ్ళీ నీకెందుకు శ్రమ అని."

తెరుచుకోనివే అసలువి. కెమెరా పట్టుకున్న వెలుగునంతా ఉన్నదున్నట్టు దాచుకునే ముడిఫైళ్ళు. వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ వేరు. తెరుచుకున్నవి నలుగురికీ పంపడానికి ఆమె చేసిన చిన్న నకళ్ళు. కెమెరాలోని కార్డును ఆమె ఎప్పుడో ఖాళీ చేసి మళ్ళీ వాడుకుంది. గ్రూపుకు ఆమె పంపిన సందేశమూ, అక్కడి పాత సందేశాలన్నిటిలాగే, వారం తిరిగేసరికి దానంతటదే చెరిగిపోయింది.

"బియ్యం పారబోసి ఊక దాచిపెట్టారు," అంది.

"అంటే?"

"చెప్పులేసుకోండి. ప్రదర్శనకు వెళ్దాం."

"ఎందుకే? గొడవ పెట్టుకుంటావా ఏంటి?"

"పెట్టుకోవడానికే."

ఆసుపత్రి ఎక్స్‌రే విభాగంలో జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి ఆమె. ఊపిరితిత్తి మీది మచ్చకూ, ఫిల్ము మీది మరకకూ తేడా చూడటంలోనే ఆమె జీవితం గడిచింది. ఫోటోలు తీయడం ఆ తరువాత పట్టుకున్న వ్యసనం. ఆ వ్యసనానికి శత్రువులు ఎన్నిరకాలో ఆమెకు ఇప్పుడు కంఠతా వచ్చు. పక్షి వాలిన క్షణానికే ప్రాణం విడిచే బ్యాటరీ. గురిపెట్టిన చోట తప్ప మిగతా అన్నిచోట్లా కుదిరే ఫోకస్. "మా ఫోన్‌లో ఇంతకంటే బాగా వస్తాయి పిన్నీ" అనే అక్క కూతురు. ఆ నోటితోనే, పాస్‌పోర్టు ఫోటో ఊరికే తీసిపెట్టమనడం. అన్నిటికీ మించి, "మీ కెమెరా మంచిదండీ!" అనే మెచ్చుకోలు. స్టెతస్కోపు మంచిది కాబట్టి జబ్బు దొరికిందని ఏ డాక్టరుతోనూ ఎవరూ అనరు.

ఇవన్నీ ఒక ఎత్తు, నలుసు ఒక ఎత్తు. కెమెరా లోపల, బొమ్మ పడే పలక మీద, ఎప్పుడు చేరిందో ఒక నలుసు చేరింది. వంకర తిరిగిన కనురెప్ప వెంట్రుకలా ఉండి, దాని కొసన ఒక చుక్క. గాలి కొట్టినా పోలేదు. బాగుచేసేవాళ్ళు నెల ఉంచుకుని, శుభ్రంగా ఉందని రాసిచ్చి, నలుసుతో సహా తిరిగిచ్చారు. ఏ ఆకాశాన్ని తీసినా కుడివైపు పైమూల అదే వెంట్రుక, అదే చుక్క. ప్రతి బొమ్మలోనూ ఆమె కూర్చుని చేత్తో చెరుపుకోవలసిందే. అద్దాలు తుడిచే మనిషి బొమ్మను మాత్రం, దొరికిన సంబరంలో, చెరపకుండానే గ్రూపుకు పంపింది.

ప్రదర్శనశాలలో అధ్యక్షుడు ద్వారం దగ్గరే ఉన్నాడు.

"రండి మేడమ్, రండి! చూశారా ఎలా వచ్చిందో? ఏ కెమెరా అని అందరూ ఒకటే అడగడం."

"ఏం చెప్పారు? అది నాది కదా."

"మీదా?" ఆయన మనస్ఫూర్తిగా నవ్వాడు. "ఆరోజు అందరం కలిసే వెళ్ళాం కదమ్మా. అందరం ఆ మేడనే తీశాం. ఇది నా ఫోన్‌లో ఉందండీ. నా ఫోన్‌లో ఉన్నది నేను తీయక ఎవరు తీస్తారు?"

"గ్రూపులో ఎవరేం పంపినా మీ ఫోన్‌లో అదే దిగుతుంది. రోజూ పొద్దున్నే వచ్చే శుభోదయం గులాబీలు కూడా మీరే పూయించారా?"

ఆయన అబద్ధమాడటం లేదని ఆమెకు అర్థమైంది. నిజంగానే తనదనుకుంటున్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది అందుకే. దొంగకైనా తాను ఎత్తుకెళ్తున్నది ఎవరిదో తెలిసే ఉంటుంది.

సంఘం కోశాధికారి అయిన పళ్ళ డాక్టరు మధ్యలోకి వచ్చాడు. "ముడిఫైలు చూపించేయండి మేడమ్. గొడవే ఉండదు."

భర్త పైకప్పులోని పంకాను పరిశీలించడం మొదలుపెట్టాడు.

"లేదు. మా ఇంట్లో శుభ్రత ఎక్కువ," అంది.

"మరి లేనప్పుడు..." అని అధ్యక్షుడు రెండు చేతులూ చాచాడు, పాపం తానేం చేయగలనన్నట్టు.

ఆమె ఆయనను దాటి బొమ్మ దగ్గరకు నడిచింది. కుడివైపు, పైమూల. తలుపంత పెంచారు కనుక వెంట్రుక వేలంత అయింది. చుక్క కూడా ఉంది. ఏడాదిగా తాను తిట్టని తిట్టు లేని ఆ నలుసును ఆమె మొదటిసారి తిట్టకుండా చూసింది.

"డాక్టర్‌గారూ, ఆ ఆకాశంలో ఏముందో చూశారా?"

"పక్షి కాదూ?" అన్నాడు అధ్యక్షుడు. "దూరంగా ఎగురుతున్న పక్షి. నేను కావాలనే..."

"మిమ్మల్ని అడగలేదు."

ఆమె సంచిలోంచి కెమెరా తీసింది. బయటిది మసకబారి లోపలి నలుసే తేటగా పడేలా లెన్సు రంధ్రాన్ని వీలైనంత చిన్నది చేసింది, ఫోకస్ చెడగొట్టింది, ఎదురుగా ఖాళీగా ఉన్న తెల్లగోడను తీసి డాక్టరు చేతికిచ్చింది. తెరమీద గోడ లేదు, బూడిదరంగు తెలుపు తప్ప ఏమీ లేదు. ఆ ఏమీలేనితనంలో, కుడివైపు పైమూల, వెంట్రుకా దాని కొసన చుక్కా.

డాక్టరు తెరనూ బొమ్మనూ మార్చి మార్చి చూశాడు, ఒకే పన్ను తాలూకు రెండు ఎక్స్‌రేలు చూస్తున్నట్టు. "అదేనండీ," అన్నాడు నెమ్మదిగా. "అచ్చం అదే."

"ఇప్పుడు అధ్యక్షులవారిని వారి ఫోన్‌తోనూ, కెమెరాతోనూ తీయమనండి. వారి గోడమీద కూడా ఆ పక్షి వాలితే నేను క్షమాపణ చెప్పి వెళ్ళిపోతాను."

అధ్యక్షుడి కెమెరా చాలా ఖరీదైనది. సంచిలోంచి బయటకు రాని కెమెరాలో దుమ్మెలా పడుతుంది? అదీ, ఫోనూ గోడను గోడలాగే చూపించాయి.

"అయ్యయ్యో, ఏదో పొరపాటు జరిగినట్టుందమ్మా," అన్నాడాయన. "మీ పేరే వేసేద్దాం, అదెంత పని! దీనికింత రాద్ధాంతం ఎందుకు? ఏదో సరదాకి చేసుకునేది."

"సరదాకి తీసింది నేను. మీరు పేరు తగిలించుకున్నారు. అది మాత్రం సరదా ఎలా అవుతుంది?"

డాక్టరు అట్టముక్క మీద ఆమె పేరు గుండ్రంగా రాసి, పాతది పీకి, కొత్తది బొమ్మ కింద గోడకు అంటించాడు. చూస్తున్న ఒకరిద్దరు చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆమె కళ్ళజోడు సవరించుకుని, బొమ్మను బొమ్మగా, దగ్గరగా చూసింది.

గ్రూపులోకి వెళ్ళి చిక్కిపోయిన నకలును తలుపంత సాగదీశారు. తాడు మెట్లుమెట్లుగా విరిగిపోయింది. అద్దంలోని ముఖం పిండిముద్ద. అసలు ప్రతిలో, ఆ మనిషి జుట్టు సవరించుకుంటున్న చేతి నుంచి సబ్బునీటి చుక్క ఒకటి అప్పుడే జారుతూ ఉండేది. ఆ చుక్క కోసమే ఆమె ఆ బొమ్మను అంతగా ప్రేమించింది. ఇక్కడ అది లేదు. ఇక ఎక్కడా లేదు.

"పోనీలే, పేరొచ్చిందిగా," అన్నాడు భర్త, పక్కనే నిలబడి.

ఆమె బొమ్మ రెండు అంచులూ పట్టుకుని గోడనుంచి దించింది.

"మేడమ్, ప్రదర్శన మధ్యలో తీసేస్తే ఎలా?" అధ్యక్షుడు కంగారుపడ్డాడు. "గోడ బోసిగా ఉంటుంది!"

"పేరు ఉండనివ్వండి. నా పేరు పైన ఖాళీ గోడ ఉన్నా ఫరవాలేదు, ఇది ఉండకూడదు."

బొమ్మను భర్త చేతులమీద పెట్టింది. తలుపంత బొమ్మ వెనుక ఆయన చెప్పులు తప్ప ఏమీ కనబడలేదు. వీధిలో గాలి దాన్ని తెరచాపలా తోస్తుంటే ఆయన అటూ ఇటూ తూలుతూ నడిచాడు. ఆమె సాయం పట్టలేదు.

"ఇంతకీ దీన్ని ఎక్కడ పెడతావే?" అన్నాడు బొమ్మ వెనుకనుంచి.

"మీ మంచానికి ఎదురుగా."

"అంత పెద్దదా? కళ్ళు తెరిస్తే ఇదే కనిపిస్తుందిగా!"

"అందుకే," అంది ఆమె.